గర్భసంచి తొలగింపు తర్వాత డిశ్చార్జి (ట్రాన్స్ పురుషులు)

గర్భసంచి తొలగించిన రోజే రోగిని ఇంటికి పంపాలా, ఒక రాత్రి ఆసుపత్రిలో ఉంచాలా అన్నది శస్త్రవైద్యులు ఎప్పటికప్పుడు తేల్చుకునే నిర్ణయం. పుట్టినప్పుడు ఆడపిల్లగా నమోదై, పురుషులుగా జీవించేవారే ట్రాన్స్ పురుషులు. వారందరూ ఈ ఆపరేషన్ కోరరు. కోరినవారి విషయంలో కోత, నొప్పి, మూత్ర విసర్జనతో పాటు ఆ రాత్రి ఏ వార్డులో పడుకోవాలన్నదీ ప్రశ్నే.

చరిత్ర

గర్భసంచి తొలగింపు గురించి ప్రాచీన గ్రీకుల నుంచి 18వ శతాబ్దం దాకా అక్కడక్కడా ప్రస్తావనలే ఉన్నాయి. 1813లో జర్మనీలో లాంగెన్‌బెక్ యోని మార్గంలో గర్భసంచిని తొలగించాడు. 1843లో మాంచెస్టర్‌లో చార్లెస్ క్లే పొట్ట కోసి తీశాడు గానీ రోగి దక్కలేదు. పదేళ్ల తర్వాత అమెరికాలోని లోవెల్‌లో వాల్టర్ బర్న్‌హామ్ చేసిన ఆపరేషన్‌లో రోగి బతికి బయటపడింది. ఆ కాలంలో పొట్ట కోస్తే వారాల తరబడి మంచం దిగనిచ్చేవారు కాదు.

ఆ పద్ధతిని 1899లో షికాగో వైద్యుడు ఎమిల్ రీస్ ప్రశ్నించి, రోగులను త్వరగా లేపి నడిపించాలన్నాడు. గ్లాస్గోలో జేమ్స్ నికోల్ మరింత సాహసం చేశాడు. పదేళ్లలో పిల్లలకు 8,988 ఆపరేషన్లు చేసి ఆ రోజే ఇళ్లకు పంపి, 1909లో ఆ లెక్క వైద్యుల ముందు పెట్టాడు. డే కేర్ శస్త్రచికిత్సకు గట్టి పునాది అదే.

ట్రాన్స్ పురుషుల్లో ఈ ఆపరేషన్ చేయించుకున్న తొలితరం వ్యక్తి అమెరికన్ వైద్యుడు అలన్ హార్ట్. 1917-18 శీతకాలంలో పోర్ట్‌లాండ్‌లో అది జరిగింది. తర్వాత ఆయన ఎక్స్‌రేలతో క్షయను ముందుగా గుర్తించే పనిలో పేరు తెచ్చుకున్నాడు.

1988లో హ్యారీ రైక్ లాప్రోస్కోపీతో (చిన్న రంధ్రాల గుండా) గర్భసంచిని తొలగించడంతో పెద్ద కోత అవసరం తగ్గింది. 1990ల్లో డెన్మార్క్‌కు చెందిన హెన్రిక్ కెహ్లెట్, ఆపరేషన్ తర్వాత త్వరగా తినిపించడం, నడిపించడం, నొప్పిని ముందే అదుపు చేయడం కలిపి ఒక క్రమం రూపొందించాడు. ఆ రోజే డిశ్చార్జికి దారి పడింది ఈ రెండింటితోనే.

కృష్ణా డెల్టా

1883లో గుంటూరు వచ్చిన అమెరికన్ లూథరన్ వైద్యురాలు అన్నా కుగ్లర్ 1898లో స్త్రీలకు, పిల్లలకు ఆసుపత్రి తెరిచారు. మగ వైద్యుల దగ్గరకు వెళ్లడానికి జంకే స్త్రీలకు అది గొప్ప ఆసరా అయింది. స్త్రీలకు వేరుగా వార్డు ఉండడం ఈ ప్రాంతంలో సహజమే. గడ్డం వచ్చిన ట్రాన్స్ పురుషుడికి మాత్రం అదే వార్డులో రాత్రి గడపడం ఇబ్బంది. అతనికి పక్క మంచాల వారి చూపులు భారం, వారికి అతని ఉనికి అయోమయం.

డెల్టాలో ఈ ఆపరేషన్ కొత్తదేమీ కాదు. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవారు దేశంలో 3.2 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. అనవసరపు ఆపరేషన్ల మీద ఇక్కడా విమర్శలు వచ్చాయి. అక్కర్లేకపోయినా తీసేశారన్నది స్త్రీల ఫిర్యాదైతే, అడిగినా చేసేవారు దొరకరన్నది ట్రాన్స్ పురుషుల ఇబ్బంది.

చట్టం, ఖర్చు

2014 ఏప్రిల్ 15న జాతీయ న్యాయ సేవల సంస్థ (నల్సా) కేసులో సుప్రీంకోర్టు తీర్పు లింగ గుర్తింపును వ్యక్తి హక్కుగా ప్రకటించింది. 2019 ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల పరిరక్షణ చట్టం లింగ మార్పిడి శస్త్రచికిత్సలకు, వాటికి బీమాకు ఏర్పాట్లు చేయాలని ప్రభుత్వాలకు చెప్పింది. ఆ చట్టం కింద వచ్చిన 2020 నిబంధనలు ఆసుపత్రుల్లో ప్రత్యేక వార్డుల కోసం రెండేళ్ల గడువు పెట్టాయి. 2022 ఆగస్టులో కేంద్రం ఆయుష్మాన్ భారత్ కింద ట్రాన్స్‌జెండర్లకు ఏడాదికి 5 లక్షల రూపాయల రక్షణ ప్రకటించింది.

ఆరోగ్య బీమాలో ఆసుపత్రి చేరిక అంటే సాధారణంగా కనీసం 24 గంటలు. డే కేర్ చికిత్సలకు మినహాయింపు ఉంది. అందువల్ల ఆ రోజే వెళ్లాలనుకునేవారు తమ పాలసీలో ఆ మినహాయింపు వర్తిస్తుందో లేదో ముందే అడిగి తెలుసుకుంటారు.

నేటి పద్ధతి

పిల్లల్ని కనని ట్రాన్స్ పురుషుల్లో గర్భసంచి సాధారణంగా చిన్నదే కాబట్టి లాప్రోస్కోపీ అనువుగా ఉంటుంది. 2018లో వెలువడిన అమెరికా అధ్యయనంలో వీరికి, ఇతర రోగులకు మధ్య ఆపరేషన్ తర్వాతి ఇబ్బందుల్లో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

ఇంటికి పంపే ముందు చూసేవి కొన్నే: మూత్రపు గొట్టం తీశాక సొంతంగా మూత్రం పోయగలగడం, మాత్రలతోనే నొప్పి తగ్గడం, వాంతి లేకుండా తినడం, లేచి నడవడం, ఎక్కువ రక్తస్రావం లేకపోవడం. ఇంట్లో తోడు ఉండాలి. విజయవాడలో ఆపరేషన్ చేయించుకుని 70 కిలోమీటర్ల దూరంలోని మచిలీపట్నం పరిసరాలకు వెళ్లాల్సినవారికి ఒక రాత్రి ఆగడమే మేలని చాలామంది వైద్యులు అనుకోవచ్చు. ఆసుపత్రికి దగ్గర్లో బంధువుల ఇల్లు ఉంటే సాయంత్రమే పంపవచ్చు.

ఎక్కడ పడుకున్నా ఆ తర్వాతి జాగ్రత్తలు ఒకటే. సుమారు ఆరు వారాలు బరువులు ఎత్తకూడదు. టెస్టోస్టిరాన్ వాడకంతో యోని పొర పలచబడుతుంది గనుక లోపలి కుట్లు మానేదాకా ఓపిక పట్టాలి. జ్వరం వచ్చినా, రక్తం ఎక్కువగా పోయినా, మూత్రం ఆగిపోయినా వెంటనే ఆసుపత్రికి తిరిగి రావాలి.