కరువు సీమ గుట్టలు – బల్లుల చరిత్ర

మద్రాసు రాజధాని అటవీశాఖను నడిపిన రిచర్డ్ హెన్రీ బెడ్డోమ్ (1830–1911) కొండ లెక్కి పాములను, బల్లులను సేకరించెడివాడు. 1870లో తిరుపతి కొండలనుండి బంగారు బల్లిని, 1878లో జయపురం కొండలలో 4,200 అడుగుల ఎత్తునుండి ఒక నేలబల్లిని వర్ణించెను. కొత్త జాతి కావలెనన్న కొండ ఎక్కవలెనని తోచుటలో వింత లేదు.

ఎత్తునకు ప్రాముఖ్యము నిజముగానే కలదు. వేయి మీటర్లు పైకి పోయినచో గాలి సుమారు 6 డిగ్రీల సెంటిగ్రేడు చల్లబడును. సరీసృపములు తమకు కావలసిన వేడిని బయటినుండియే పొందును. కనుక శిఖరముపై చల్లదనమునకు అలవడిన జాతి క్రిందికి దిగలేక, ఒంటరియై, కాలక్రమమున వేరు జాతిగా మారవచ్చును.

ఈ లెక్కను అనంతపురం సీమకు వేసి చూతము. అనంతపురము సముద్రమట్టమునకు సుమారు 335 మీటర్ల ఎత్తున, హిందూపురము సుమారు 620 మీటర్ల ఎత్తున ఉన్నవి. ఎత్తువలన కలుగు తేడా రెండు డిగ్రీలకు లోపే! కాని వేసవి మధ్యాహ్నమున ఒక బండపై చేయి పెట్టి, పిమ్మట దాని క్రింది సందులో పెట్టి చూచినచో (తేలు లేదని నిశ్చయించుకొనిన తరువాతనే సుమా) అంతకు మించిన తేడా జానెడు దూరములో తెలియును. ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే పడు ఈ సీమలో ఆ సందే ప్రాణాధారము. గ్రానైటు రాయి ఎండకు, వానకు పొరలుగా ఊడి, గుండ్లుగా విడిపోవును. వేరుశనగ చేల నడుమ నిలిచిన గుట్టలన్నియు ఇట్టివే. పైన రాతితొండ ఎండ కాగును. రాళ్ల క్రింద నేలబల్లి పగలంతయు దాగియుండును.

ఈ సంగతికి శాస్త్ర గ్రంథములలో చోటు దొరకుట ఆలస్యమైనది. అనంతపురమునకు ఆగ్నేయముగా, ఇట్టి రాతి నేలయే గల మదనపల్లె సమీపమున ఋషివ్యాలీ కలదు. అచ్చటి నేలబల్లిని 2016లో ఇషాన్ అగర్వాల్ కొత్త జాతిగా వర్ణించెను. బెడ్డోమ్ 4,200 అడుగుల ఎత్తున చూచిన నేలబల్లికి ఇది వంశబంధువే! 2020లో ఆయన, తేజస్ ఠాక్రే, అక్షయ్ ఖండేకర్ కలిసి అదే లోయలోని రాళ్లు, ముళ్లపొదల నడుమనుండి మరి రెండు బల్లి జాతులను వెల్లడించిరి. వానిలో ఒకటి గుండ్రని కంటిపాప గల పగటిబల్లి. మూడింటికిని ఋషివ్యాలీ పేరే పెట్టబడినది.

రెవెన్యూ లెక్కలలో ఇట్టి గుట్ట తరచుగా పోరంబోకు. కంకరకును పలకలకును బండను పేల్చినచోట సందులతోపాటు వాని నివాసులును పోవును. ఆ స్థలమున తరువాత నాటిన చెట్లు వేరు జంతువులకు నీడ నిచ్చునుగాని వీనికి ఇల్లు కాజాలవు.