రామగుండం జలాశయాల్లో తెప్ప వేట

పెద్దపల్లి జిల్లాలోని రామగుండం, గోదావరిఖని, జ్యోతినగర్ చుట్టుపక్కల నిలవ నీళ్లలో చిన్న తెప్పలు, నాటు పడవల మీద సాగే మంచినీటి చేపల వేట ఇది. గోదావరి ఒడ్డున నదిలో వేట ఎంత పాతదో చెప్పలేం. జలాశయంలో వేట మాత్రం బొగ్గు, కరెంటు, ఎత్తిపోతల వెంట వచ్చింది. దీని చరిత్రంతా ఒక్క విషయం చుట్టూ తిరుగుతుంది: ఈ నీళ్లను మనుషులే నిలిపారు, వాటిలోని చేపలో పెద్ద వాటాను కూడా మనుషులే తెచ్చి వదిలారు. అమెరికాలోని టెక్సాస్‌లో విద్యుత్ కేంద్రాల జలాశయాల్లో కయాక్ మీద కూర్చుని పట్టే ఎర్రచేపదీ ఇదే కథ. అందుకే ఆ ప్రస్తావన కూడా ఇక్కడ వస్తుంది.

నీళ్లు నిలిచిన తీరు

గోదావరిఖనిలో సింగరేణి గనులు 1960 దశకంలో ఊపందుకున్నాయి. 1978లో అప్పటి ప్రధాని మొరార్జీ దేశాయ్ ఎన్‌టీపీసీ రామగుండం కేంద్రానికి శంకుస్థాపన చేశారు. 1983లో మొదటి 200 మెగావాట్ల యూనిట్ వచ్చింది, 2004 నాటికి ఏడు యూనిట్లతో సామర్థ్యం 2,600 మెగావాట్లకు చేరింది. ఉద్యోగుల కోసం వెలసిన కాలనీయే జ్యోతినగర్. బొగ్గు పక్కనే దొరికినా నీళ్లు ఏడాది పొడవునా ఉండాలి కాబట్టి కేంద్రానికి సొంత జలాశయం అవసరమైంది.

2004లో శంకుస్థాపన జరిగిన ఎల్లంపల్లి ప్రాజెక్టు అంతకన్నా పెద్దది. మాజీ స్పీకర్ దుద్దిళ్ల శ్రీపాదరావు పేరు పెట్టిన ఈ ప్రాజెక్టుకు 62 గేట్లున్నాయి, నిల్వ సామర్థ్యం 20 టీఎంసీల పైచిలుకు. హైదరాబాద్‌కు వెళ్లే గోదావరి తాగునీరు కూడా ఇక్కడిదే. 2019లో కాళేశ్వరం ఎత్తిపోతల పథకంలో భాగంగా సుందిళ్ల బ్యారేజీ రావడంతో గోదావరిఖని ఒడ్డున కూడా నది చెరువులా నిలిచింది. ఆ వైభవం ఎక్కువకాలం సాగలేదు. 2023 అక్టోబరులో అదే పథకంలోని మేడిగడ్డ బ్యారేజీ పిల్లర్లు కుంగాక అన్నారం, సుందిళ్ల బ్యారేజీల గేట్లు కూడా ఎత్తి ఉంచాల్సి వచ్చింది. పంటల నష్టం లెక్కకు వచ్చినంతగా, నీళ్లతో పాటు పోయిన చేప లెక్కకు రాలేదు.

తెప్ప, పుట్టి, కయాక్

తెప్ప కట్టడం సులువు. థర్మోకోల్ ముక్కలను గోనెలోనో వలలోనో బిగించి కడితే ఒక మనిషిని మోస్తుంది. దాని మీద కాళ్లు ముడిచి కూర్చుని, పలకలాంటి చిన్న తెడ్డుతో నెట్టుకుంటూ వెళ్లి సాయంత్రం వల కట్టి వస్తారు, తెల్లవారకముందే వెళ్లి విప్పుకుంటారు. లారీ ట్యూబుల మీద వెళ్లేవారూ ఉన్నారు. కృష్ణ, తుంగభద్రల మీద ఈ పని పుట్టి చేస్తుంది. సుమారు 1520లో విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, బుట్టలా అల్లి పైన తోలు కప్పిన గుండ్రని పడవల్లో మనుషులు నది దాటడం చూసి రాశాడు. చట్రానికి తోలు తొడగడమే ఆర్కిటిక్ ప్రాంతపు ఇన్యూట్‌ల కయాక్‌లోనూ ఉన్న ఉపాయం. వాళ్లు సీల్ చర్మం వాడారు, పడవను సన్నగా, పొడుగ్గా చేశారు. నేటి ప్లాస్టిక్ కయాక్ వినోదపు వస్తువు, మన తెప్ప కూలి గిట్టించుకునే పనిముట్టు. ధరలో తేడా ఎంతున్నా, నీటికి జానెడు ఎత్తున ఒక్కడే కూర్చుని చేపను వెతకడంలో రెండూ ఒకటే.

చేప ఎక్కడిది?

బొచ్చె, రవ్వ, మ్రిగాల నిలవ నీటిలో బాగా పెరుగుతాయి కానీ గుడ్లు పెట్టవు. వాటికి వరద నీటి ప్రవాహం కావాలి. అందుకే ఒకప్పుడు చేపపిల్లలను నదుల్లో పట్టి తెచ్చి చెరువుల్లో పోసేవారు. 1957 జూలై 10న ఒడిశాలో హీరాలాల్ చౌధురి, తోటి శాస్త్రవేత్తలు పిట్యూటరీ గ్రంథి సారాన్ని సూదితో ఎక్కించి కార్ప్ చేపలతో గుడ్లు పెట్టించారు. దేశంలో జాతీయ మత్స్య రైతుల దినోత్సవం ఆ తేదీనే జరుగుతుంది. హేచరీలన్నీ ఆ సూది నుంచి పుట్టినవే. తెలంగాణలో 2016-17 నుంచి ప్రభుత్వం చేపపిల్లలను ఉచితంగా వదులుతోంది. చెరువులకు 35-40 మిల్లీమీటర్ల పిల్లలు, జలాశయాలకు 80-100 మిల్లీమీటర్లవి. పెద్ద నీటిలో చిన్న పిల్లను వదిలితే వాలుగ లాంటి వేటచేపకు మేత వేసినట్టే. ముదిరాజ్, గంగపుత్ర కుటుంబాల సహకార సంఘాలకు ఈ పిల్లలే ఏడాది పెట్టుబడి. రాష్ట్ర చేప కొర్రమీను మాత్రం ఎవరి దయా కోరదు. నిలవ నీటిలోనే గుడ్లు పెట్టి, పిల్లలను తానే కాపలా కాస్తుంది.

టెక్సాస్‌లో లోటు మరోలా ఉంటుంది. అక్కడి ఎర్రచేప సముద్రపుది. తోక మొదట్లో నల్లమచ్చ దాని గుర్తు. మన కాకినాడ తీరంలో లక్షలు పలికే కచిడి చేప కుటుంబానిదే. 1980 ప్రాంతంలో షెఫ్ పాల్ ప్రుధోమ్ మసాలా పట్టించి మాడ్చి వండిన ఎర్రచేప వంటకం అమెరికా అంతటా పాకి వేట మితిమీరింది. 1981లో టెక్సాస్ సొంత తీరపు ఎర్రచేప అమ్మకాన్ని నిషేధించింది. శాన్ ఆంటోనియో దగ్గర విద్యుత్ కేంద్రాల కోసం 1960 దశకంలో కట్టిన బ్రౌనిగ్, కాలవెరాస్ జలాశయాల్లో హేచరీ పిల్లలను వదిలారు. మంచినీటిలో ఇది పెరుగుతుంది, సంతానం మాత్రం ఉండదు. పైగా చలికాలం గడవాలంటే విద్యుత్ కేంద్రం వదిలే వెచ్చని నీరు కావాలి. టెక్సాస్‌లోనే ఉన్న ఫెయిర్‌ఫీల్డ్ జలాశయం పక్కనున్న బిగ్ బ్రౌన్ బొగ్గు కేంద్రం 2018లో మూతపడగానే ఆ వెచ్చదనం పోయింది. రామగుండం ఎండలకు ఆ బెంగ లేదు. ఇక్కడ కొరత పారే నీటిది.

ఇప్పటి పరిస్థితి

2022 జూలై 1న ఎన్‌టీపీసీ జలాశయంలో 100 మెగావాట్ల తేలియాడే సౌర కేంద్రం పూర్తయింది. సుమారు 500 ఎకరాల నీటిపై నాలుగున్నర లక్షల పలకలు పరుచుకున్నాయి. ఏటా 32.5 లక్షల ఘనపు మీటర్ల నీరు ఆవిరి కాకుండా ఆగుతుందని ప్రభుత్వ అంచనా. పలకలు పరిచిన మేర వల వేయడం కుదరదు.

గేట్లు ఎత్తే రోజుల్లో తెప్ప వేట ప్రాణాంతకం. కయాక్ కొనేవాడు లైఫ్ జాకెట్ కూడా కొంటాడు. థర్మోకోల్ మీద వెళ్లేవాడికి అది ఉండదు. చేపపిల్లలతో పాటు సంఘానికి జాకెట్లనూ అందించడం అధికారులు వెంటనే చేయవలసిన పని.