మెంతుల చేదుకు కొలత

తెలుగువారి పోపుల డబ్బాలో ఆవాలకూ జీలకర్రకూ పక్కనే చోటు దక్కించుకున్న మెంతులకు వంటలో ఎంత పాత చరిత్ర ఉందో, మందుగా కూడా దాదాపు అంత పాత చరిత్రే ఉంది. ఈజిప్టు రాజు టుటన్‌ఖామున్ సమాధిలో ఎండిన మెంతి గింజలు దొరికాయి. మధుమేహానికి మెంతులు మంచివన్న మాట మన ఇళ్లలో తరతరాలుగా వినిపిస్తున్నదే అయినా, ఎంత తినాలి, ఎన్నాళ్లు తినాలి, తింటే చక్కెర ఎంత తగ్గుతుంది అన్న ప్రశ్నలకు ఆ మాటలో జవాబు లేదు.

రసాయన శాస్త్రం మొదట గింజలోని ఒక్కొక్క పదార్థాన్నీ విడదీసే దారి పట్టింది. 1885లో జాన్స్ అనే జర్మన్ శాస్త్రవేత్త మెంతుల నుంచి ట్రైగోనెలిన్ అనే క్షారాభాన్ని, అంటే నత్రజని కలిగిన వృక్షజన్య పదార్థాన్ని, వేరుచేశాడు. అది రక్తంలో చక్కెరను తగ్గిస్తుందని సూచించే పరిశోధన 1967లో లాన్సెట్ పత్రికలో వచ్చింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ మాత్రం వేరే దారి ఎంచుకుంది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ బెరిబెరి వ్యాధి పరిశోధనతో మొదలై 1958లో హైదరాబాద్‌కు తరలివచ్చిన ఈ సంస్థ, ఆహారమే తన విషయం కనుక, మెంతిని సారంగా కాక తిండిగానే పరీక్షించింది. ఆ నిర్ణయమే ఈ కథలో అన్నిటికన్నా విలువైనది.

ఆర్.డి. శర్మ, టి.సి. రఘురామ్, ఎన్. సుధాకర్ రావు 1990లో ప్రచురించిన అధ్యయనంలో, ఇన్సులిన్ మీద ఆధారపడే టైప్ 1 రోగులకు నూనె తీసిన మెంతిపొడిని రోజుకు 100 గ్రాముల చొప్పున, మధ్యాహ్న భోజనంలో సగం, రాత్రి భోజనంలో సగం కలిపి పది రోజులు పెట్టారు. మెంతి లేని భోజనాన్ని కూడా అన్నే కేలరీలతో మరో పది రోజులు పెట్టి, ఆ రెంటినీ పోల్చారు. మూత్రంలో రోజంతా పోయే చక్కెర 54 శాతం తగ్గింది. కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు కూడా తగ్గాయి, అయితే మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ మారలేదు.

చక్కెర తగ్గడానికి ఒక కారణం ఏ వంటింట్లోనైనా కంటికి కనబడుతుంది. చెంచాడు మెంతులు రాత్రి నీళ్లలో వేస్తే, తెల్లారేసరికి గింజలు ఉబ్బి, వేళ్ల మధ్య నలిపితే జారిపోయే జిగురు వస్తుంది. గెలాక్టోమానన్ అనే ఈ నీటిలో కరిగే పీచు పేగులో ఆహారాన్ని చిక్కబరచి, చక్కెర రక్తంలోకి చేరే వేగాన్ని తగ్గిస్తుంది. ఇక కొవ్వుల సంగతికొస్తే, ఈ పీచు, గింజలోని సపోనిన్లు కలిసి పైత్యరసాన్ని మలంతో బయటికి పంపడంవల్ల, దాన్ని మళ్లీ తయారుచేసుకోవడానికి కాలేయం రక్తంలోని కొలెస్ట్రాల్‌ను వాడుకుంటుందని శాస్త్రజ్ఞుల వివరణ.

అయితే 100 గ్రాముల చేదు పొడిని రోజూ జీవితాంతం తినమని ఎవరికీ చెప్పలేం, పది రోజుల ఫలితం పదేళ్లకు హామీ కూడా కాదు. ఈ లోటును గుర్తించినట్టుగా, 1996లో వెలువడిన మరో అధ్యయనంలో శర్మ బృందం 60 మంది టైప్ 2 రోగులకు రోజుకు 25 గ్రాములు మాత్రమే 24 వారాలపాటు ఇచ్చి, కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు తగ్గడాన్ని మళ్లీ నమోదు చేసింది. ఆ 25 గ్రాములైనా పులుసు పోపులో పడే చిటికెడు మెంతులకు ఎన్నో రెట్లు. కాబట్టి మెంతులు వాడదలచినవారు వైద్యుడికి చెప్పి, రక్తపరీక్షలు చేయించుకుంటూ వాడాలి. ఇన్సులిన్‌ను గానీ మాత్రలను గానీ సొంతంగా మానకూడదు.