రెండవ గంట

ఉన్నత విద్య యనగా పండితుడు చెప్పుట, శిష్యులు వినుట యని పెక్కుమంది తలంతురు. ఆ తలంపును మార్చిన యొక తరగతి చరిత్రను పాఠకులకు మనవి చేయుదును.

ఇంగ్లండులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయము 1873 నుండి పట్టణములకు ఉపన్యాసకులను పంపుచుండెను. వందలమంది వినిరి, కాని అంత పెద్ద సభలో సందేహము తీర్చుకొనుటకు అవకాశము స్వల్పము. 14వ యేట బడి విడిచి గుమాస్తా పని చేసిన ఆల్బర్ట్ మాన్స్‌బ్రిడ్జి ఈ కొరతను గుర్తించి, 1903లో శ్రామిక విద్యాసంఘమును స్థాపించెను.

1908 జనవరిలో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయము అండతో ఆర్. హెచ్. టానీ రెండు చిన్న తరగతులను ప్రారంభించెను. ఒకటి పింగాణి పనివారి లాంగ్టన్‌లో, రెండవది నూలుమిల్లుల రాచ్‌డేల్‌లో. తరగతికి సుమారు 30 మంది; చదువు మూడేండ్లు. వారమున కొకమారు రెండు గంటలు: మొదటి గంట పాఠము, రెండవ గంట చర్చ. పక్షమున కొక వ్యాసము వ్రాయవలెను.

ఆ రెండవ గంటలో గురువునకు సైతము పాఠము లభించెను. పదునారవ శతాబ్దపు ఆంగ్ల రైతుల భూసమస్యపై 1912లో టానీ ప్రకటించిన గ్రంథపు పీఠికలో, పుస్తకములలో సులభముగా దొరకని విషయములను ఆ నేతగాండ్రు, పింగాణి పనివారు, గని కార్మికులు తనకు నేర్పిరని కృతజ్ఞతతో చెప్పుకొనెను.

పుస్తకమును ఇంటికి గొనిపోయి చదువుట సగము విద్య. చదివినది పదుగురి ప్రశ్నలకు నిలుచునో లేదో చూచుట తక్కిన సగము. ఆ రెండవ గంటకు మన గ్రంథాలయమునందును చోటుండవలెను.