నడిగడ్డ, పాలమూరు భోజనం

తెలంగాణ దక్షిణ కొసన, కృష్ణా తుంగభద్రల పరిసరాల్లోని గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల సంప్రదాయ ఆహారం. 2016 అక్టోబరు 11న జిల్లాలు వేరైనా, ఉమ్మడి మహబూబ్‌నగర్ (పాలమూరు) జిల్లా నాటి వంటిల్లు ఇప్పటికీ ఒక్కటే. రెండు నదుల నడుమ నేలను నడిగడ్డ అంటారు.

ఇక్కడి ప్రధాన ఆహారం జొన్నరొట్టె. వేడినీళ్లతో పిండిని బాగా పిసికి, అరచేత్తో తడుతూ పలుచగా చేసి, పెనం మీద వేశాక పైన నీళ్లు అద్ది కాలుస్తారు. పిండిలో సాగే గుణం లేదు కనుక అంచు పగలకుండా తట్టడం చేతి పనితనమే. పుంటికూర, పల్లి పచ్చడి, ఎల్లిపాయ కారం, పప్పు దానికి జోడు. రొట్టెను వేడివేడిగా తినాలి, చల్లారితే గట్టిపడుతుంది. సంక్రాంతికి నువ్వులద్దిన సజ్జరొట్టెలు చేస్తారు. పండుగలకు బచ్చాలు, అన్నంలోకి పచ్చిపులుసు ఉంటాయి.

కర్నూలు, రాయచూరు పక్కనే ఉన్నందున గద్వాల, అలంపూర్‌లలో పొద్దుటి పూట బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ దొరుకుతాయి. అలంపూర్‌లోని జోగులాంబ అమ్మవారి దర్శనానికి వచ్చేవారు తప్పక రుచి చూడవలసిన జోడీ ఇది.

ఎండాకాలంలో జొన్న అంబలి, మజ్జిగ ఒంటికి చలువ. తాటికల్లు, ఈతకల్లు తీసిన కొద్ది గంటలు తియ్యగా ఉండి, పులిసేకొద్దీ మత్తెక్కిస్తాయి. కొల్లాపూర్ బేనిషాన్ మామిడి వేసవి పండు. నల్లమలలో చెంచులు సేకరించే అడవి తేనెకూ మంచి పేరుంది.