నీలంగా నిలిచిన గడులు

ఇంక్యుబేటర్ తలుపు తీయగానే గుప్పున వాము వాసన. 35 డిగ్రీల వెచ్చదనంలో రాత్రంతా ఉన్న ప్లేటును కుదుపు లేకుండా బయటికి తీసి, బల్ల మీద తెల్ల కాగితంపై పెట్టండి. అడ్డంగా 12, నిలువుగా 8, మొత్తం 96 గుంటలు.

నిన్న సాయంత్రం ఇందులో ఎడమ నుంచి కుడికి యాంటీబయాటిక్ మందు సిప్రోఫ్లాక్సాసిన్‌ను సగానికి సగం తగ్గిస్తూ పోశారు. పైనుంచి కిందికి వాము నూనెనూ అలాగే. ఆపైన మిల్లీలీటరుకు దాదాపు 5 లక్షల చొప్పున స్టాఫిలోకాకస్ ఆరియస్ బ్యాక్టీరియా, సిప్రోకు లొంగని రకం. 2019లో ఇలా మందులకు లొంగని బ్యాక్టీరియా వల్లే నేరుగా ప్రపంచంలో 12.7 లక్షల మంది చనిపోయారని అంచనా.

నూనెతోనే చిక్కంతా. అది నీళ్లలో కలవదు, డీఎంఎస్ఓ అనే ద్రావకంలో కరిగించి పోయాలి. ఆ డీఎంఎస్ఓ ఒక్కటే పోసిన గుంట కూడా ఉండాలి, లేకపోతే చంపింది ఏదో తేలదు. పైగా నూనె ఊరుకోదు, ఆవిరై పక్క గుంటలోకి దిగి అక్కడి బ్యాక్టీరియానూ అణిచేస్తుంది. అందుకే ప్లేటు మీద పలుచటి ఫిల్మ్ అతికించి, అంచుల వెంట గోటితో నొక్కారు. ఈ జాగ్రత్త మాటెత్తని పరిశోధన పత్రాన్ని నేను అంత తేలిగ్గా నమ్మను.

ఇప్పుడు ఫిల్మ్ ఒలిచి, ఒక్కో గుంటలో రెజాజురిన్ అనే రంగు వేయండి. అన్నీ నీలమే. కాసేపు ఆగాలి. బతికున్న బ్యాక్టీరియా ఆ రంగును గులాబీగా మారుస్తుంది. ఏ మందూ లేని గుంట ముందుగా మారుతుంది, తర్వాత దాని చుట్టుపక్కలవి. మందూ నూనే రెండూ కొద్దికొద్దిగా ఉన్న ఆ మూల వైపు నీలం మెట్లుమెట్లుగా చొచ్చుకొస్తోందా? చూడాల్సింది అదే. విడిగా పనిచేసే మోతాదులో ఎనిమిదో వంతు సిప్రో, నాలుగో వంతు నూనె జతగా చాలితే లెక్క 0.125 + 0.25 = 0.375. 0.5 గానీ అంతకు తక్కువ గానీ వస్తే రెండూ ఒకదానికొకటి బలమిచ్చినట్టు.

ఎలాగంటే, ఈ బ్యాక్టీరియా నోర్‌-ఏ అనే పంపుతో సిప్రోను బయటికి తోడేస్తుంది. కణం పొరకు ఇటూ అటూ ఉండే ప్రోటాన్ల తేడాయే ఆ పంపుకు శక్తి. వాములోని థైమాల్ పొరను సడలిస్తే ఆ తేడా పడిపోతుంది, తోడే బలం తగ్గుతుంది, సిప్రో లోపల నిలుస్తుంది.

ప్లేటులో ఇంత చక్కగా కనిపించినా ఒంట్లో కథ వేరు. మింగిన థైమాల్‌ను శరీరం వెంటనే సల్ఫేటుగా, గ్లూకురోనైడుగా మార్చేస్తుంది. రక్తంలో విడి థైమాల్ దాదాపు మిగలదు. చిక్కటి నూనె నోటినీ గొంతునూ కాలుస్తుంది కూడా. నా ఆశ పుండ్లకు పూసే మందుల మీదే. అవి పరీక్షలన్నీ దాటి వచ్చేదాకా, దయచేసి యాంటీబయాటిక్‌తో పాటు వాము నూనె తాగకండి, డాక్టరు రాసిన మోతాదును మీ అంతట మీరు తగ్గించకండి.