ఓల్గా: జీవితం, రచనలు

ఓల్గా (జననం: 1950 నవంబరు 27) తెలుగు నవలా రచయిత్రి, కథకురాలు, విమర్శకురాలు, అనువాదకురాలు. అసలు పేరు పోపూరి లలితకుమారి. తెలుగులో స్త్రీవాదం అనగానే ముందుగా గుర్తొచ్చే నాలుగైదు పేర్లలో ఆమెది ఒకటి. 1987లో వచ్చిన ‘స్వేచ్ఛ’ నవల ఆమెకు పేరునూ పేచీలనూ కలిపి తెచ్చిపెట్టింది. ‘విముక్త’ కథల సంపుటికి 2015లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. మొదటిది ఇవాళ్టి మధ్యతరగతి ఇంట్లో నడుస్తుంది, రెండోది రామాయణపు అడవుల్లో. అయినా రెండింట్లోనూ ముఖ్యమైన ఘట్టం ఒకటే: ఇద్దరు ఆడవాళ్ళు తీరిగ్గా కూర్చుని, దాపరికం లేకుండా మాట్లాడుకోవడం. ఓల్గా కథల్లో కుట్రలూ మలుపులూ తక్కువ, మాటలు ఎక్కువ. ఆమె బలం అక్కడే ఉంది, ఆమె మీద ఫిర్యాదూ అక్కడే ఉంది.

తెనాలి ప్రాంతం

ఆమె పుట్టింది నాటి గుంటూరు జిల్లా, తెనాలికి దగ్గరి యడ్లపల్లిలో. ఆ ప్రాంతంలో పుట్టిన పిల్లకి పుస్తకాలూ వాదనలూ కొత్త కావు. చలం, కొడవటిగంటి కుటుంబరావు ఇద్దరికీ తెనాలితో చుట్టరికం ఉంది. కమ్యూనిస్టు పార్టీ, సంస్కరణోద్యమాలు, నాటక సమాజాలు ఆ ఊళ్ళ అరుగుల మీదికి వచ్చి కూర్చున్న కాలమది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ. చేస్తున్నప్పుడు ఆమె వామపక్ష విద్యార్థి ఉద్యమంలో పనిచేశారు. తర్వాత విప్లవ రాజకీయాలు, జనసాహితి సాంస్కృతిక సంస్థ. 1973 నుంచి 1986 దాకా తెనాలి వి.ఎస్.ఆర్. అండ్ ఎన్.వి.ఆర్. కళాశాలలో తెలుగు పాఠాలు చెప్పారు.

1980 ప్రాంతంలో ఆమె ఆ రాజకీయాల నుంచి విడిపోయారు. వర్గపోరాటం గెలిచాక స్త్రీల సమస్య దానంతటదే తీరుతుందన్న మాటతో ఆమెకు పొసగలేదు. అయితే మార్క్సిజం ఆమె రాతల్లోంచి పూర్తిగా పోలేదు. ఇంటిచాకిరీ, ఆస్తి, శ్రమ విలువ ఎక్కడ ప్రస్తావనకొచ్చినా ఆ పాత చదువు వెనకనుంచి వినిపిస్తుంది. ఆ మధ్యకాలంలో చేసిన అనువాదాలు ఆమె ఎటు కదులుతున్నారో చెబుతాయి: ఆగ్నెస్ స్మెడ్లీ ఆత్మకథాత్మక నవల ‘భూమిపుత్రిక’గా, ఒరియానా ఫల్లాచీ పుస్తకం ‘పుట్టని బిడ్డకు తల్లి ఉత్తరం’గా, అలెగ్జాండ్రా కొల్లొంతాయ్ రచనలు తెలుగులోకి వచ్చాయి. స్త్రీవాదాన్ని ఆమె సిద్ధాంత గ్రంథాల కంటే ముందు కథల్లో వెతుక్కున్నారనిపిస్తుంది.

స్టేషనుకి ఇటూ అటూ

1986లో ఆమె హైదరాబాదు వచ్చి ఉషాకిరణ్ మూవీస్ కథా విభాగంలో చేరారు. 1995 దాకా అక్కడ పనిచేశారు. భర్త, దర్శకుడు అక్కినేని కుటుంబరావు తీసిన ‘భద్రం కొడుకో’, ‘తోడు’ వంటి సినిమాల రచనలో పాలుపంచుకున్నారు. సినిమా ఉద్యోగం ఆమె వచనాన్ని పెద్దగా మార్చినట్టు కనిపించదు. మార్చింది నగరం.

ఆమె వచ్చేనాటికే జంటనగరాల్లో మహిళా ఉద్యమం రాటుదేలి ఉంది. 1974లో ఉస్మానియా విద్యార్థినుల చొరవతో ప్రగతిశీల మహిళా సంఘం మొదలైంది. 1978లో నల్లకుంట పోలీస్ స్టేషన్‌లో రమీజాబీపై అత్యాచారం జరిగిందన్న వార్త, ఆమె భర్త అహ్మద్ హుస్సేన్ మరణం ఊరిని అట్టుడికించాయి. ఆ ఏడే ‘స్త్రీ శక్తి సంఘటన’ పుట్టింది. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల నోటివెంట విన్న జీవిత కథలను ఆ బృందం 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’గా అచ్చువేసింది. సికింద్రాబాద్ స్టేషన్ పక్కనున్న చిలకలగూడ లాంటి పేట నుంచి చూస్తే ఇదంతా ఎక్కడో జరిగిన చరిత్ర కాదు. సీతాఫల్‌మండి దాటితే ఉస్మానియా ఆవరణ, ఇంకోవైపు కాస్త దూరం పోతే నల్లకుంట. రైల్వే క్వార్టర్లు, అద్దె వాటాలు, పొద్దున్నే డ్యూటీకి పోయే మగవాళ్ళు, నల్లా వచ్చే వేళకి లేచే ఆడవాళ్ళు: ఓల్గా నవలలు నడిచేది ఇటువంటి ఇళ్ళలోనే, మరీ ధనిక ఇళ్ళలోనూ కాదు, మరీ పేద ఇళ్ళలోనూ కాదు.

సికింద్రాబాద్ స్టేషన్ పట్టాలకు దక్షిణాన చిలకలగూడ, ఉత్తరాన మారేడ్‌పల్లి. ఆ తూర్పు మారేడ్‌పల్లి కేంద్రంగా పనిచేసిన ‘అస్మిత’ మహిళా వనరుల కేంద్రం ఆమె జీవితంలో చాలా పెద్ద భాగం. 1991లో మొదలైన ఆ సంస్థను వసంత్ కన్నబిరాన్, కల్పన కన్నబిరాన్‌లతో కలిసి ఆమె నడిపారు. కష్టంలో ఉన్న స్త్రీలకు న్యాయ సలహా, శిక్షణ శిబిరాలు, ప్రచురణలు, నృత్యరూపకాలు అన్నీ ఒకే కప్పు కింద. ఆ ముగ్గురూ కలిసి 2001లో తెచ్చిన ‘మహిళావరణం’ ఇరవయ్యో శతాబ్దపు తెలుగు స్త్రీల జీవిత రేఖల పుస్తకం. అందులో భరత్ భూషణ్ తీసిన ఛాయాచిత్రాలున్నాయి. రంగస్థల నటీమణులు, గాయనులు, ఉద్యమకారిణులు, రచయిత్రులు పక్కపక్కన కనిపిస్తారు. ఒంటరిగా గదిలో కూర్చుని రాసే రచయిత్రి అన్న బొమ్మ ఓల్గాకి నప్పదు. ఆమె పేరున్న పుస్తకాల్లో చాలావాటికి పక్కన మరో ఇద్దరు ముగ్గురి పేర్లుంటాయి.

‘స్వేచ్ఛ’

ఆమె తొలి నవలల్లో ‘సహజ’, ‘కన్నీటి కెరటాల వెన్నెల’, ‘మానవి’, ‘ఆకాశంలో సగం’ ఉన్నాయి. ‘మానవి’లో భర్త వదిలి వెళ్ళిపోయిన నడివయసు గృహిణి, ఇంతకాలం తాను భార్యగా తప్ప మనిషిగా బతికానా అని తనను తాను లెక్క వేసుకుంటుంది. కానీ తెలుగిళ్ళలో గొడవపెట్టింది ‘స్వేచ్ఛ’.

కథ చెప్పడానికి నాలుగు ముక్కలు చాలు. అరుణ చదువుకుంది. పెద్దలు తెచ్చిన సంబంధం కాదని ప్రకాశాన్ని కోరి పెళ్ళి చేసుకుంది. పుట్టింట్లో దొరకని స్వేచ్ఛ ఈ ఇంట్లో దొరుకుతుందనుకుంది. ప్రకాశం దుర్మార్గుడు కాడు. తాగడు, కొట్టడు, కట్నం కోసం పీడించడు. ఉద్యోగం చేయనిస్తాడు కూడా. అయితే ఆమె ఆఫీసు నుంచి నేరుగా ఇంటికి రావాలి. సభలకీ స్నేహితులకీ ఆమె కేటాయించుకునే ప్రతి గంటకీ సంజాయిషీ ఉండాలి. స్నేహితురాలు ఉమ మరో దారిలో బతుకుతోంది. చదువూ పరిశోధనా ఆమెకు ముఖ్యం, పెళ్ళి అవసరమని ఆమె అనుకోదు. అరుణకి చివరికి తట్టేదేమిటంటే, భర్త మంచివాడైనా ఇల్లు అనే ఏర్పాటు అలాగే ఉంటుందని. ఆమె బయటికి వస్తుంది.

అప్పటి పాఠకులకు మింగుడు పడనిది ఇదే. భర్త దుర్మార్గుడైతే భార్య వెళ్ళిపోవడాన్ని తెలుగు నవల అప్పటికే ఒప్పుకుంది. రంగనాయకమ్మ ‘జానకి విముక్తి’ ఉంది. మంచి భర్తను వదిలిన స్త్రీని ఏమనాలో తెలియలేదు. అరుణ బిడ్డ సంగతేమిటన్నారు, అహంకారమన్నారు, సంసారాలు కూల్చే రచన అన్నారు. నవలగా దానికి లోపాలున్నాయి: పాత్రలు కొన్నిచోట్ల వ్యాసాలు చదివినట్టు మాట్లాడతాయి, ప్రకాశానికి తన మాట తాను చెప్పుకునే చోటు తక్కువ. అయినా ఆ ప్రశ్న వేసిన తీరు మాత్రం ఇప్పటికీ పదును పోలేదు.

ఇక్కడ కాస్త పోలండు వైపు చూస్తే పోలిక ఉపయోగపడుతుంది. ఎలీజా ఒజెష్కోవా 1873లో ‘మార్తా’ అనే నవల రాసింది. భర్త పోయిన యువతి చిన్న కూతుర్ని వెంటబెట్టుకుని వార్సాలో పని కోసం తిరుగుతుంది. ఫ్రెంచి పాఠాలు చెప్పబోతే ఆ చదువు చాలదు, బొమ్మలు గీయబోతే ఆ శిక్షణ చాలదు, కుట్టుపని కడుపు నింపదు. చివరికి దొంగతనానికి దిగి, పారిపోతూ గుర్రపు బండి కింద పడి చనిపోతుంది. ఆడపిల్లకి అలంకారంగా కాక బతుకుతెరువుగా చదువు చెప్పించండన్నది ఒజెష్కోవా వాదన. వందేళ్ళు దాటాక వచ్చిన అరుణకి ఆ చదువుంది, ఉద్యోగముంది, జీతముంది. మార్తా కోరుకున్నవన్నీ ఉన్నా అరుణ ఎందుకు ఊపిరాడక కొట్టుకుంటోందన్నది ఓల్గా పట్టుకున్న సమస్య. ఉద్యోగం చేస్తే స్త్రీ స్వతంత్రురాలవుతుందన్న సంస్కరణ యుగపు నమ్మకానికి ఇది కొనసాగింపూ, నిరాకరణా కూడా.

శరీరం గురించి కథలు

‘రాజకీయ కథలు’ సంపుటిలో ఆమె కళ్ళు, ముక్కు, జడ, గర్భం వంటి ఒక్కొక్క అంగాన్నీ తీసుకుని దాని మీద ఇల్లూ ఊరూ చేసే పెత్తనాన్ని చూపించారు. ‘ఒక రాజకీయ కథ’లో పనిలో చెయ్యి దెబ్బతిన్న భర్తకు యూనియను అండగా నిలుస్తుంది, పరిహారం వస్తుంది, అది పోరాటమవుతుంది. భార్య గర్భసంచి పోగొట్టుకుంటే అది ఆమె ఖర్మ అవుతుంది. ‘అయోని’లో లైంగిక హింసకు బలైన చిన్నపిల్ల తనకసలు ఆ అవయవమే లేకుండా ఉంటే బాగుండునని కోరుకుంటుంది. తెలుగు కథలో ఇంత చిన్నపిల్ల గొంతుతో ఇంత పెద్ద మాట అనిపించిన సందర్భాలు అరుదు. నవలల్లో కనిపించే ఉపన్యాస ధోరణి ఈ కథల్లో చాలావరకు తగ్గింది. పేజీలు తక్కువ కావడం ఆమెకు మేలే చేసింది.

సంపాదకురాలిగా ఆమె చేసిన పెద్ద పని 1993 నాటి ‘నీలి మేఘాలు’ స్త్రీవాద కవితా సంకలనం. జయప్రభ, విమల, కొండేపూడి నిర్మల, పాటిబండ్ల రజని, సావిత్రి వంటివారి కవితలు ఒకచోట చేరడంతో విడివిడి గొంతులకి ఉద్యమ రూపం వచ్చింది. ఆ పుస్తకంపైనే తర్వాత గట్టి విమర్శా వచ్చింది. ఇందులోని స్త్రీ ప్రధానంగా అగ్రవర్ణ, మధ్యతరగతి స్త్రీ అనీ, పొలంలో, వాడలో పనిచేసే స్త్రీకి వంటిల్లు ఒక్కటే జైలు కాదనీ దళిత బహుజన రచయిత్రులు చెప్పారు. గోగు శ్యామల తెచ్చిన ‘నల్లపొద్దు’ ఆ ఖాళీని పూరించిన సంకలనం. ఆ విమర్శ న్యాయమైనదే.

‘విముక్త’

ఇందులో ఐదు కథలు: ‘సమాగమం’, ‘మృణ్మయనాదం’, ‘సైకత కుంభం’, ‘విముక్త’, ‘బంధితుడు’. మొదటి నాలుగింటిలో సీత వరసగా శూర్పణఖను, అహల్యను, రేణుకను, ఊర్మిళను కలుసుకుంటుంది. ఐదోది రాముడిది.

‘సమాగమం’ మొదలయ్యే తీరు చూడాలి. వాల్మీకి ఆశ్రమంలో పెరుగుతున్న లవకుశులు అడవిలో ఒక అందమైన తోట చూసొచ్చి తల్లికి చెబుతారు. ఆ తోట పెంచిన స్త్రీ మాత్రం అనాకారి అంటారు. ఆ వివరం వినగానే సీతకు అర్థమవుతుంది. ముక్కుచెవులు కోయించుకున్న శూర్పణఖ, తన రూపాన్ని పాడుచేసిన లోకం మీద పగబట్టి కూర్చోకుండా, మొక్కల్లో మళ్ళీ అందాన్ని వెతుక్కుంది. సుధీరుడనే సహచరుడూ దొరికాడు. ఒకప్పుడు ఒకే మగవాడి కారణంగా శత్రువులైన ఇద్దరు స్త్రీలు చెట్ల నీడన కూర్చుని మాట్లాడుకుంటారు. పురాణం తిరగరాసే రచనల్లో మామూలుగా రాముణ్ణి బోనెక్కించడం కనిపిస్తుంది. ఓల్గా ఆ తోవ తొక్కలేదు. ఆమెకు విచారణ కంటే పరామర్శ ముఖ్యం.

అహల్య కథలో ప్రశ్న మరింత లోతుకు పోతుంది. వచ్చినవాడు ఇంద్రుడని ఆమెకు తెలుసా, తెలియదా అని లోకమంతా అడుగుతుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడమంటే అడిగేవాళ్ళ అధికారాన్ని ఒప్పుకోవడమే అంటుంది అహల్య. ఊర్మిళ పధ్నాలుగేళ్ళు నిద్రపోలేదు. తలుపేసుకుని ఏకాంతంలో తనను తాను చదువుకుంది. ‘బంధితుడు’లో రాముడు ఆర్యధర్మానికీ సింహాసనానికీ కట్టుబడినవాడిగా, సీతకున్న వెసులుబాటు తనకు లేనివాడిగా కనిపిస్తాడు. స్త్రీవాద రచయిత్రి రాముడి మీద జాలి చూపడం కొందరికి నచ్చలేదు. సంపుటి మొత్తంలో ఎక్కువ సాహసం ఆ కథలోనే ఉందని ఈ వ్యాసకర్త అభిప్రాయం. ‘స్వేచ్ఛ’లో ప్రకాశానికి దక్కని చోటు ఇక్కడ రాముడికి దక్కింది.

టి. విజయ్‌కుమార్, సి. విజయశ్రీ ఈ కథలను ఇంగ్లీషులోకి అనువదించారు. 2016లో ఆ పుస్తకం వచ్చాక తెలుగు తెలియని పాఠకులకు ఓల్గా అంటే ముఖ్యంగా ఈ సీతే.

తర్వాతి నవలలు

‘యశోబుద్ధ’ సిద్ధార్థుడి భార్య యశోధర వైపు నుంచి రాసిన నవల. అర్ధరాత్రి భర్త వదిలిపోయిన అబలగా కాక, అతని అన్వేషణను అర్థం చేసుకుని సాయపడిన మనిషిగా ఆమె ఇందులో కనిపిస్తుంది.

‘గమనమే గమ్యం’ వేరే దారి. డాక్టర్ కొమర్రాజు అచ్చమాంబ (1906–1964) జీవితం దీనికి ఆధారం. తెలుగులో విజ్ఞాన సర్వస్వానికి శ్రీకారం చుట్టిన కొమర్రాజు లక్ష్మణరావు కుమార్తె ఆమె. తొలితరం కథా రచయిత్రి భండారు అచ్చమాంబకు మేనకోడలు. వైద్యురాలిగా బెజవాడలో పేరు తెచ్చుకుని, కమ్యూనిస్టు ఉద్యమంలో పనిచేసి, తర్వాత కాంగ్రెస్‌లో చేరి 1957లో విజయవాడ నుంచి లోక్‌సభకు ఎన్నికయ్యారు. నవలలో ఆమె డాక్టర్ శారద. జాతీయోద్యమం నుంచి స్వాతంత్ర్యానంతరం దాకా సాగే ఈ పెద్ద పుస్తకంలో పట్టణాలు, సభలు, నాయకులు, నాటక కళాకారులు వరసకట్టి వస్తారు. అక్కడక్కడ చరిత్ర బరువుకి కథ కుంగుతుంది. అయితే అరుణ ఇల్లు దాటగానే ‘స్వేచ్ఛ’ ముగిసింది. శారద కథ ఇంటి గడప దగ్గర మొదలే కాదు. ఆసుపత్రిలో కాన్పులు చేస్తూ, పార్టీ క్రమశిక్షణతో తగువులాడుతూ, తాను కోరుకున్న మనిషితో బతుకుతూ, ఆ కోరికకు వెల చెల్లిస్తూ ఆమె వందల పేజీలు నడుస్తుంది.